ముందుబెంచీ మాహాత్మ్యం

జూన్ నెలలో బడులు తెరిచిన మొదటి వారం ఏ బడికైనా వెళ్ళి, క్లాసు టీచరు బల్ల పక్కన ఓ పావుగంట నిలబడి చూడండి. పాఠాల గురించి అడిగే తల్లి ఒక్కతి కూడా కనపడదు. "మా వాణ్ణి కాస్త ముందు బెంచీలో కూర్చోపెట్టండి టీచర్‌గారూ!" అందరిదీ అదే పాట. నలభై మంది పిల్లలు, నలభై మంది తల్లులు, నలభై విన్నపాలు. ముందు బెంచీలు చూస్తే మూడు! కొండ మీద దర్శనానికి సిఫారసు ఉత్తరం సంపాదించినట్టే ఇక్కడా ఎవరికి తోచిన దారి వాళ్ళు తొక్కుతారు. ఒకావిడ తొమ్మిదేళ్ళ కొడుక్కి లేని చత్వారం తెచ్చిపెడుతుంది. ఇంకొకావిడ "వాడికి చెవి కాస్త మందం" అంటుంది. ఆ చెవే ఇంటి దగ్గర వంటింట్లో ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు వీధిలోంచి వింటుంది!

ఇంత తతంగమూ అయ్యాక ముందు బెంచీ ఎవరికి దక్కుతుంది? మొదటి ర్యాంకు వాళ్ళకి. ఆ తర్వాత బ్యాంకు మేనేజరుగారి అబ్బాయికి, బడి కమిటీలో వున్న పెద్దమనిషి మనవరాలికి. ఆ తర్వాత, తల్లి నోరు పెద్దదైన పిల్లలకి. మిగిలిన చోట పొట్టివాళ్ళు. ఆ వెనక పొడుగువాళ్ళు. అన్నిటికన్నా వెనక, తల్లి కూలికి పోయి బడి మొహం చూడ్డానికి తీరికలేని పిల్లలు, నిరుడు తప్పినవాళ్ళు, "వీళ్ళింతే" అని టీచరుగారు ఎప్పుడో తేల్చేసుకున్నవాళ్ళు. జూన్‌లో వేసిన ఈ పీట ఏప్రిల్ దాకా కదలదు.

నేననేది ఒక్కటే. ఈ పెత్తనం ఎవరి చేతిలోనూ వుండకూడదు. క్లాసులో ఎంతమంది వుంటే అన్ని చీటీలు రాసి ఓ డబ్బాలో వెయ్యండి. నెలకోసారి పిల్లలే వచ్చి తీసుకోవాలి. ఏ నంబరు వస్తే ఆ చోటు. ముందా వెనకా, కిటికీ పక్కా గోడ పక్కా, పక్కన ఎవరూ అన్నది చీటీ చెప్పాలి.

ఈ మాట అన్నానో లేదో, "అదేవిటండీ, చదువులో జూదమా?" అని ముక్కు మీద వేలేసుకున్నారు మా వీధిలో పెద్దవాళ్ళు. చీటీకీ జూదానికీ చుట్టరికం కలపడం మనకి బాగా అలవాటు. మరి మనం నెలనెలా వేసే చిట్టీల్లో, పాట లేకుండా చీటీ తీసి ఎవరి పేరు వస్తే వాళ్ళకి డబ్బిస్తామే, అది జూదమా? ఎవరి మీదా అనుమానం లేకుండా వుండడానికి మనం కనిపెట్టుకున్న మర్యాద అది. కాంచీపురం దగ్గర ఉత్తరమేరూరులో వెయ్యేళ్ళ నాటి శాసనం వుంది. పరాంతక చోళుడి కాలంలో, 920 ప్రాంతంలో చెక్కింది. ఊరి వ్యవహారాలు చూసే సంఘాల్లోకి మనుషుల్ని ఎలా తీసుకోవాలో అందులో రాసి వుంది. అర్హులైనవాళ్ళ పేర్లు తాటాకుల మీద రాసి, కుండలో వేసి, చిన్న పిల్లవాడి చేత తీయించేవారు. పిల్లవాడే ఎందుకంటారా? వాడికి ఎవరి మీదా కోపమూ లేదు, ఎవరి దగ్గరా మొహమాటమూ లేదు.

అంత వెనక్కి పోనక్కర్లేదు. మన తెలుగు ప్రభుత్వాలు బ్రాందీ షాపుల లైసెన్సులకి లాటరీ తీశాయి. దుకాణం ఎవరికి దక్కాలో తేల్చడానికి చీటీ పనికొచ్చింది గాని, పిల్లవాడు ఎక్కడ కూర్చోవాలో తేల్చడానికి పనికిరాదట! 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడుల్లో నాలుగో వంతు సీట్లు పేద పిల్లలకివ్వాలి. దరఖాస్తులు ఎక్కువైతే చాలా రాష్ట్రాల్లో లాటరీయే తీస్తారు. అలా చీటీ పుణ్యమా అని గేటు దాటి వచ్చిన పిల్లవాణ్ణి, లోపలికొచ్చాక మనం సిఫారసులతో మళ్ళీ వెనక బెంచీకి నెట్టేస్తాం. బళ్ళో సీటొచ్చింది గాని క్లాసులో సీటు రాలేదు పాపం.

"కూర్చునే చోటులో ఏముందమ్మా, చదివేవాడు ఎక్కడున్నా చదువుతాడు" అంటారు. ఈ మాట ఎప్పుడూ ముందు బెంచీ దొరికిన పిల్లల తల్లులే అంటారు, గమనించారా? చోటులో ఏమీ లేకపోతే అంబేద్కర్ చిన్నతనంలో సతారా బళ్ళో విడిగా గోనెపట్టా మీద ఎందుకు కూర్చోవలసి వచ్చింది? ఆ గోనెపట్టా కూడా రోజూ ఇంటికి మోసుకుపోవాల్సి వచ్చేది. బడి శుభ్రం చేసే మనిషి దాన్ని ముట్టుకోడు కనక. పాఠం అందరికీ ఒకటే. వేరు చేసింది కూర్చునే చోటే. మన జాషువాగారు కూడా వినుకొండ బళ్ళో కులం పేరు చెప్పి చేసిన అవమానాలు దిగమింగుకునే చదువుకున్నారు.

ఇది మన దేశానికే పట్టిన జబ్బు కాదు. అమెరికాలో ఓక్లహామా విశ్వవిద్యాలయంలో 1948లో మెక్లారిన్ అనే నల్లజాతి పెద్దమనిషి చేరాడు. అప్పటికే పంతులు, వయసు మళ్ళినవాడు, డాక్టరేటు కోసం వచ్చాడు. చేర్చుకోక తప్పలేదు, కోర్టు చెప్పింది కనక. చేర్చుకుని ఏం చేశారు? క్లాసుగదిని ఆనుకుని వున్న చిన్న గదిలో కుర్చీ వేసి, అక్కణ్ణించి పాఠం వినమన్నారు. లైబ్రరీలో ఒక బల్ల విడిగా, భోజనశాలలో ఒక బల్ల విడిగా. "మేం చదువు చెప్పడం మానలేదే, చోటే కదా వేరు" అన్నది విశ్వవిద్యాలయం వారి వాదన. 1950లో అక్కడి సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. తోటివాళ్ళతో కలిసి కూర్చుని మాట్లాడుకోవడం, వాదించుకోవడం కూడా చదువులో భాగమేనని చెప్పింది. అంత పెద్ద కోర్టుకి కూర్చునే చోటు పెద్ద విషయమే అయింది. మనకే చిన్నదైంది!

చోటు వల్ల పిల్లవాడికి ఏం ఒరుగుతుందో లెక్క చూసినవాళ్ళు వున్నారు. ఆడమ్స్, బిడిల్ అనే ఇద్దరు పరిశోధకులు క్లాసుగదుల్లో జరిగే మాటామంతీ జాగ్రత్తగా గమనించి 1970లో ఓ పుస్తకం వేశారు. టీచరుకీ పిల్లలకీ మధ్య జరిగే సంభాషణ చాలావరకు ముందు వరసల్లోనూ, గది మధ్యలోనూ కూర్చున్నవాళ్ళతోనే జరుగుతోందని తేలింది. మిగిలినవాళ్ళు సభకి వచ్చిన ప్రేక్షకులు. తెలివైనవాళ్ళు ముందు కూర్చుంటారా, ముందు కూర్చున్నవాళ్ళు తెలివైనవాళ్ళవుతారా అంటే, రెండూ కొంత నిజమే కావచ్చు. చీటీ వేస్తే ఆ తగువే వుండదు. టీచరుగారి చూపు పడే చోటు అందరికీ వంతులవారీగా వస్తుంది.

మా వీధిలో ఒక అమ్మాయి వుంది. ఎనిమిదో తరగతి. వయసుకి మించిన పొడుగు, అందుకని ఒకటో తరగతి నుంచీ వెనక బెంచీయే. చురుకైన పిల్ల. మా ఇంటికి పూలు కోసుకోవడానికొచ్చి మందార పువ్వు చీల్చి అందులో ఏ భాగం ఏమిటో చెప్పి పోతుంది. "ఇంత బాగా చెప్తావు, క్లాసులో కూడా చెప్తావా?" అన్నాను ఓసారి. "మా సైన్సు టీచరుకి నా పేరే తెలీదు పిన్నీ, ఏయ్ పొడుగమ్మాయ్ అంటారు. అదీ కిటికీ మూయమనడానికి" అంది నవ్వుతూ. ఎనిమిదేళ్ళుగా కిటికీలు మూస్తోంది ఆ పిల్ల. దాని ఎత్తు దాని తప్పా? బల్లల్ని కాస్త ఏటవాలుగా, ఒకదాని వెనకొకటి సూటిగా రాకుండా జరిపితే పొడుగుపిల్ల ముందు కూర్చున్నా వెనకవాళ్ళకి బోర్డు కనపడుతుంది. సినిమా హాల్లో కుర్చీలు వేసేవాడికి తెలిసిన ఈ సంగతి బడికి తెలియదా?

ఇంటిపేరు సంగతి మరో తమాషా. ఇంగ్లీషు అక్షరక్రమంలో రోల్ నంబర్లు వేస్తారు. ఏ అక్షరంతో ఇంటిపేరు మొదలైనవాడు జీవితాంతం ముందు. వై అక్షరం వాడు ఎక్కడికెళ్ళినా ఆఖరు. వైవా పరీక్షలో వాడి వంతు వచ్చేసరికి మాస్టారికి ఆవులింతలు!

ఇక మార్కుల ప్రకారం కూర్చోపెట్టే చోట్లు వున్నాయి, వాటికి నమస్కారం. మా బంధువులబ్బాయి వెళ్ళే ఒక కోచింగు సెంటరులో ఆదివారం పరీక్ష, సోమవారం మార్కులు, మంగళవారం బెంచీ మార్పు. మొదటి వరసలో పదిమంది, వాళ్ళకో ముద్దు పేరు. ఆఖరి వరసకి కూడా ఓ పేరుంది, పిల్లలే పెట్టారు, ఇక్కడ రాయలేను. "పోటీ తత్వం పెరుగుతుందండీ" అన్నారట అక్కడి మాస్టారు. పెరుగుతుంది, ఎందుకు పెరగదు? మొదటి వరసవాడు పడిపోతానేమోనని నిద్రపోడు. ఆఖరి వరసవాడు ఎలాగూ లేవనని నిద్రపోతాడు. వారం వారం నలుగురి ముందూ వీపు చూపించి వెనక్కి నడవడం వుందే, అది పెద్దవాళ్ళమైన మనం ఏ పెళ్ళి పంక్తిలోనైనా భరిస్తామా? విస్తరి ముందునుంచి లేపి "మీరు ఆఖరి పంక్తికి పదండి" అంటే ఆ గడప మళ్ళీ తొక్కుతామా?

"అలా కాదండీ, టీచరుకి పిల్లల సంగతి తెలుసు. బుద్ధిగల మనిషి వుండగా చీటీ ఎందుకు?" అన్నారొకరు. టీచర్ల బుద్ధి మీద నాకు గౌరవమే. కాని ఆ తెలియడంలోనే వుంది చిక్కంతా. 1968లో రోసెంథాల్, జేకబ్సన్ అనే ఇద్దరు అచ్చు వేసిన ప్రయోగం ఒకటుంది. కాలిఫోర్నియాలో ఒక బడి టీచర్లకి కొందరు పిల్లల పేర్లిచ్చి, "ఈ ఏడు వీళ్ళు బాగా వికసిస్తారని పరీక్షలో తేలింది" అని చెప్పారు. నిజానికి ఆ పేర్లు వూరికే, చీటీ తీసినట్టు ఏరినవే! ఏడాది తిరిగేసరికి ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లలు తోటివారికన్నా బాగా ముందుకి వెళ్ళారట. ఎంత ముందుకన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు, వాదించుకోనీండి. టీచరు చూపులో వున్న నమ్మకం పిల్లవాడికి అన్నమంత అవసరమని చెప్పడానికి పరిశోధన కూడా అక్కర్లేదు, ఇద్దరు పిల్లల్ని పెంచిన ఏ తల్లిని అడిగినా చెబుతుంది. చీటీకి మాత్రం జ్ఞాపకం వుండదు. నిరుడు ఎవరు తప్పారో, ఎవరి నాన్న ఎవరో దానికి తెలియదు. అదే దాని గొప్ప.

ఇప్పుడు అసలు భయానికి వద్దాం. సావాసదోషం! సాయంత్రం పిల్లవాడు బడి నుంచి రాగానే మనం అడిగేదేమిటి? "నీ పక్కన ఎవరు కూర్చుంటార్రా?" పేరు చెప్పాడు. "ఇంటిపేరేమిటి?" చెప్పాడు. "వాళ్ళ నాన్నేం చేస్తాడు? వాళ్ళిల్లెక్కడ?" ఆ పైన గొంతు తగ్గించి, ఆయనగారి వైపు తిరిగి, "మనవాళ్ళేనా?" నాలుగు ప్రశ్నల్లో పక్కవాడి జాతకం పూర్తి. జవాబు నచ్చకపోతే మర్నాడే బడికి పరుగు, "మావాణ్ణి అక్కణ్ణించి మార్చండి" అని. పిల్లవాడు చూస్తూనే వుంటాడు. ఎవరి పక్కన కూర్చోవచ్చో, ఎవరి పక్కన కూర్చోకూడదో, ఏ పుస్తకంలోనూ లేని ఆ పాఠం వాడికి మనమే చెబుతున్నాం. మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లలు వేరు పంక్తులు కట్టారనో, ఫలానా మనిషి వండితే తినలేదనో పేపర్లో చదివి "కలికాలం" అంటాం. కలి ఎక్కడో లేడు, ఆ నాలుగు ప్రశ్నల్లోనే వున్నాడు.

ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. నిజమే. కాని మంచివాడు చెడిపోవడమే అవుతుందని ఎవరన్నారు? హంగరీ దేశంలో పల్లెటూరి బళ్ళలో సరిగ్గా నేను చెప్పే పనే చేసి చూశారు. 182 తరగతులు, దాదాపు 3,000 మంది పిల్లలు. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో చీటీ వేసినట్టు నిర్ణయించారు. ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. మామూలుగా ఇద్దరు పిల్లలు స్నేహితులయ్యే అవకాశం నూటికి 15 వుంటే, పక్కపక్కన కూర్చున్నందువల్ల అది 22కి పెరిగింది. తమలాంటివాళ్ళతో కాస్త ఎక్కువ, తమకి భిన్నమైనవాళ్ళతో కాస్త తక్కువ. అయినా పెరిగింది. ఎవరూ నీతిపాఠం చెప్పలేదు, సభ పెట్టలేదు. పక్కన కూర్చోపెట్టారు, అంతే!

మన ఢిల్లీలోనే మరో ముచ్చట. అక్కడ ప్రభుత్వం దగ్గర స్థలం తీసుకున్న పెద్ద పెద్ద ప్రైవేటు బళ్ళు 2007 నుంచి పేద పిల్లల్ని కొందర్ని చేర్చుకోవలసి వచ్చింది. కలవారి తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. గౌతమ్ రావు అనే ఆర్థికశాస్త్రవేత్త ఆ బళ్ళలో ఏం జరిగిందో చూసి 2019లో ప్రచురించాడు. కొన్ని చోట్ల పిల్లల్ని పేర్ల అక్షరక్రమంలో జట్లు కట్టారు. అంటే ఇష్టాయిష్టాలతో పని లేకుండా పేదపిల్లవాడు ఏ జట్టులో పడితే ఆ జట్టు. అలా కలిసి చదివిన కలవారి పిల్లలు ఎక్కువ ఉదారంగా, సాయం చేసేవాళ్ళుగా తయారయ్యారు. పేదపిల్లలతో ఆడుకోవడానికి వెనకాడలేదు. చదువు పాడైందా? ఇంగ్లీషు మార్కులు మాత్రం ఓ పిసరు తగ్గాయి. హిందీ, లెక్కలు చెక్కుచెదరలేదు. ఆ పిసరు ఇంగ్లీషు కోసం మిగతాదంతా వదులుకుంటామనే తల్లి వుంటే చెయ్యెత్తండి, చూస్తాను.

"అల్లరివాళ్ళిద్దరు పక్కపక్కన పడితే?" పడతారు. నెల రోజులు క్లాసు గోలగోలగా వుంటుంది, ఒప్పుకుంటాను. కాని ఇప్పుడు మనం చేస్తున్నదేమిటి? క్లాసులో వున్న అల్లరివాళ్ళందర్నీ ఏరి కోరి ఒకే వెనక బెంచీలో జమ చేసి, ఏడాదంతా అక్కడే వుంచి, "వెనక బెంచీ అంతా గోల" అని ఆశ్చర్యపోతున్నాం!

ఇంకొకటి. మగపిల్లలు అల్లరి చేస్తే "అమ్మాయిల మధ్యన కూర్చోపెడతాను జాగ్రత్త" అని బెదిరించే అలవాటు చాలా బళ్ళలో వుంది. ఆ మాట విని క్లాసంతా నవ్వుతుంది. అమ్మాయిలూ నవ్వుతారు. మన పక్కన కూర్చోవడం శిక్ష అని ఆడపిల్ల ఏడేళ్ళకే నవ్వుతూ నేర్చుకుంటుంది. ఆ పిల్లవాడే పెరిగి ఆఫీసులో ఆడ ఆఫీసరు కింద పనిచెయ్యడం నామోషీ అంటే, మళ్ళీ మనమే వాణ్ణి తిడతాం. చీటీ వస్తే అబ్బాయి పక్కన అమ్మాయి, అమ్మాయి పక్కన అబ్బాయి కూర్చుంటారు. శిక్షా కాదు, వింతా కాదు. పై తరగతుల్లో అమ్మాయిలకి ఇబ్బందిగా వుంటే వాళ్ళనే అడిగి, వాళ్ళు వద్దంటే మానెయ్యండి. చిన్న తరగతుల్లో ఆ భయం మనదే గాని పిల్లలది కాదు.

నిజంగా చూపు ఆననివాళ్ళకి, వినపడనివాళ్ళకి ముందు చోటు ఇవ్వాల్సిందే. ఆ మాటకొస్తే ఇప్పుడు వాళ్ళకే దొరకడం లేదు, దొంగ చత్వారం వాళ్ళు ఆక్రమించారు కనక. డాక్టరు చీటీ వున్నవాళ్ళని ముందు కూర్చోపెట్టి, మిగిలిన చోట్లకి డబ్బా చీటీ తియ్యండి. జపానులో బళ్ళలో ఈ చోట్లు మార్చుకోవడానికి 'సెకిగయే' అని పేరే వుంది. చాలా క్లాసుల్లో చీటీలు తీసే మారుస్తారు. ఆ రోజు పిల్లలకి పండగట. ఎవరి పక్కన పడతామా అని గుండెలు దడదడలాడడమూ, పడ్డాక మొహాలు చూసుకుని నవ్వుకోవడమూ! 2024లో 'స్థానార్థి శ్రీకుట్టన్' అనే మలయాళ సినిమా వచ్చాక, కేరళలో కొన్ని బళ్ళు వెనక బెంచీయే లేకుండా, గోడల వెంట చుట్టూ బల్లలు వేశాయి. మంచిదే. కాని అరవై మందిని కుక్కే మన గదుల్లో అన్ని బల్లలు గోడల వెంట పట్టవు. పక్కల కూర్చున్నవాళ్ళ మెడలూ నొప్పి పుడతాయి. చీటీకి వడ్రంగితో పని లేదు.

విచిత్రమేమిటంటే చోట్లు కలగలపడం మన బళ్ళకి తెలియని విద్య కాదు. పరీక్షలనాడు చేస్తారుగా! నంబర్లు కలిపేసి, ఎవరి పక్కన ఎవరో ముందు తెలియకుండా కూర్చోపెడతారు. కాపీ కొడతారని అనుమానం వున్నరోజున జంబ్లింగు, మిగిలిన రెండొందల రోజులూ సిఫారసు.

ఒక్క షరతు మాత్రం గట్టిగా వుండాలి. చీటీ తీశాక సవరణలు కూడదు. "ఈ ఒక్కణ్ణీ మార్చండి టీచర్‌గారూ" అని మనం వెళ్ళకూడదు, వెళ్ళినా వాళ్ళు వినకూడదు. పిల్లవాడు మొహం ముడుచుకుని ఇంటికొచ్చి "వాడి పక్కన పడ్డానమ్మా" అంటే, "పోనీలేరా, ముప్ఫై రోజులేగా, రేపు డబ్బాలో రెండు వడియాలు ఎక్కువ పెడతాను, వాడికీ ఒకటి పెట్టు" అనండి. ఈసారి పేరెంట్సు మీటింగులో నేను లేచి ఈ సంగతి అడగబోతున్నాను. ఒక్కదాన్నే అయితే కూర్చోపెట్టేస్తారు, పక్కన మరో నలుగురు లేస్తే బావుంటుంది. చీటీలకి డబ్బా లేదంటారేమో, మా ఇంట్లో ఖాళీ బిస్కెట్ డబ్బాలు నాలుగున్నాయి, కావలసినవాళ్ళు పట్టుకెళ్ళొచ్చు.